బరంపురం బడిలో పాన్‌మున్‌జోమ్

యుద్ధం ఎలా మొదలైందో మా సాంఘిక శాస్త్రం పుస్తకాలు బాగానే చెబుతాయి. కారణాలు, తేదీలు, సేనాధిపతులు అన్నీ ఉంటాయి. ఎలా ఆగిందన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఫలానా రోజున ఒప్పందం కుదిరింది. ఎవరెవరు కూర్చున్నారు, ఏం రాసుకున్నారు, రాసుకున్న మర్నాడు ఏం చేశారు, అవేవీ ఉండవు. ఆ వెలితి నన్ను చాలా ఏళ్ళుగా బాధపెడుతోంది. అందుకే పోయిన జూలైలో, కొరియాలోని పాన్‌మున్‌జోమ్‌లో 1953లో జరిగిన యుద్ధ విరమణ సంతకాలను మా బడి హాల్లో పిల్లల చేత నాటకంగా వేయించాను. ఆ యుద్ధంలో ఒకవైపు ఉత్తర కొరియా, చైనా, ఇంకోవైపు దక్షిణ కొరియా, అమెరికా నడిపిన ఐక్యరాజ్యసమితి సేనలు. ఆ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

మాది గంజాం జిల్లా బరంపురం. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగువాళ్ళం. మా బడికి వచ్చేవాళ్ళు పట్టు నేసే ఇళ్ళ పిల్లలు, చిన్న దుకాణాల వాళ్ళ పిల్లలు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫోనులో హిందీ. నన్ను సగం మంది టీచర్ అంటారు, సగం మంది ఒడియా బడుల అలవాటులో గురుమా అంటారు. రెండింటికీ పలుకుతాను.

నాటకం మాట ఎత్తగానే హెడ్మాస్టరు గారు అడిగారు, "కొరియా ఎందుకమ్మా, 1971 వెయ్యొచ్చు కదా, మనవాళ్ళు గెలిచారు కూడా" అని. 1971 డిసెంబరు 16న ఢాకాలో జరిగింది పాకిస్తాన్ సేనల లొంగుబాటు. ఒకరు గెలిచాక, ఒకరు ఓడాక పెట్టిన సంతకం అది. దాన్ని అర్థం చేసుకోవడం పిల్లలకు కష్టం కాదు. ఎవరూ గెలవకుండా, ఎవరూ ఓడకుండా, ఒకరి మీద ఒకరికి నమ్మకం పైసా కూడా లేకుండా ఇద్దరు శత్రువులు ఒక కాగితం మీద ఎలా సంతకం పెడతారో వాళ్ళకు చూపించాలన్నది నా కోరిక. పైగా ఆ కాగితం బతికి బట్టకట్టడానికి ఇండియా చేసిన పని చిన్నది కాదు. మన పిల్లల్లో నూటికి ఒకరికైనా తెలియదది. ఈ సంగతి చెప్పాక ఆయన సరేనన్నారు, చివర్లో ఒక శాంతి గీతం ఉండాలని మాత్రం షరతు పెట్టారు. ఆ షరతు సంగతి తర్వాత చెబుతాను.

మొదటి పని ఒప్పందం చదవడం. అది ఇంగ్లీషులో నెట్‌లో దొరుకుతుంది. 5 అధికరణలు, 63 పేరాలు, ఆపైన అనుబంధాలు. తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు సాయంత్రాలు బడి విడిచాక ఉండిపోయేవారు. నేను ఒక్కో పేరా తెలుగులో చెబితే వాళ్ళు నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. శాంతి గురించి, సోదరభావం గురించి పెద్ద పెద్ద మాటలుంటాయని వాళ్ళ ఊహ. తీరా చూస్తే కిలోమీటర్లు, గంటలు. రెండు సైన్యాలూ గీత నుంచి చెరి 2 కిలోమీటర్లు వెనక్కి జరగాలి. ఆ 4 కిలోమీటర్ల పట్టీలోంచి 72 గంటల్లో బలగాలు, ఆయుధాలు తీసేయాలి. సంతకాలైన 12 గంటలకు కాల్పులు ఆగాలి. హాన్ నది ముఖంలో ఇరువైపుల పౌరుల పడవలూ తిరగవచ్చు. శత్రువు ఆధీనంలో ఉన్న నేలలో తమవాళ్ళ సమాధులుంటే, ఆ శవాలను తవ్వి తీసుకుపోవడానికి వచ్చే మనుషులను రానివ్వాలి.

ఈ చివరిదాని దగ్గర పిల్లలు ఆగిపోయారు. ఒక అమ్మాయి తన పుస్తకంలో దాని కింద గీత గీసుకుని, "ఇది ఎవరు ఆలోచించారు గురుమా?" అంది. పేరు తెలియని ఏ స్టాఫ్ అధికారులో, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి ఇష్టపడనివాళ్ళు, బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని ఆలోచించారు. ఆ ఒక్క పేరా చదివినందుకే మా సాయంత్రాలన్నీ సార్థకమయ్యాయని నేను అనుకుంటాను.

12 గంటల సంగతి మాత్రం వాళ్ళకు మింగుడుపడలేదు. 1953 జూలై 27 ఉదయం 10 గంటలకు పాన్‌మున్‌జోమ్‌లో సంతకాలు. కాల్పులు ఆగాల్సింది రాత్రి 10కి. మధ్యలో ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. "సంతకం పెట్టేసినాక కూడా సంపుకున్నారా?" అని ఇచ్ఛాపురం నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రాడు అడిగాడు. అవును. సముద్రం నుంచి సముద్రం దాకా పరుచుకున్న కందకాల్లో ప్రతి సిపాయికీ ఆజ్ఞ చేరాలి. పెద్ద సేనాధిపతుల సంతకాలూ ఇంకా పడాలి. ఐక్యరాజ్యసమితి సేనల అధిపతి మార్క్ క్లార్క్ మధ్యాహ్నం మున్సాన్‌లో పెట్టాడు. కిమ్ ఇల్ సుంగ్ రాత్రి ప్యాంగ్యాంగ్‌లో, చైనా వలంటీర్ల అధిపతి పెంగ్ దెహువై మర్నాడు పొద్దున్న కెసాంగ్‌లో పెట్టారు. అసలు నాయకులు ముగ్గురూ ఒకే గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. నేను ఇదంతా వివరించాను. ఆ కుర్రాడు ఒప్పుకోలేదు. "అయినా పన్నెండు గంటలు సాలా ఎక్కువ" అన్నాడు. అతనన్నది నిజమేనని నేనూ అనుకుంటున్నాను.

తర్వాత గీత. మైదానంలో వాన వెలిసిన ఒక పూట సున్నం పొడితో 38వ అక్షాంశం తిన్నగా గీశాం. 1945లో రెండు పెద్ద రాజ్యాలు కొరియాను పంచుకున్న గీత అది. దాని మీద ఒక పొడవాటి తాడు వేసి, పడమటి కొసను కాస్త దక్షిణానికి, తూర్పు కొసను బాగా ఉత్తరానికి లాగాం. ఇది యుద్ధం ఆగిన రోజు సైన్యాలు నిలబడి ఉన్న గీత. సుమారు 250 కిలోమీటర్లు. బరంపురం నుంచి విశాఖపట్నం ఎంతో ఇంచుమించు అంత. మా పిల్లలకు సరిహద్దు అంటే ఇచ్ఛాపురం. మేనత్త అటు, మేనమామ ఇటు. బస్సులో కునుకు తీస్తే రాష్ట్రం దాటిన సంగతే తెలియదు. అలాంటి పిల్లలను తాడుకు అటూ ఇటూ నిలబెట్టి వెనక్కి వెనక్కి నడిపించి, మధ్య ఖాళీ చూపించి, అనుమతి లేకుండా ఇందులోకి ఎవరూ అడుగుపెట్టకూడదు, ఇప్పటికీ అదే నియమం అంటే నమ్మలేనట్టు చూశారు.

ఆ గీత మీద 1951 నవంబరులోనే ఒక ఒప్పుకోలు కుదిరింది. ముప్పై రోజుల్లో మిగతావి తేలితే అదే ఖాయం. తేలలేదు. ఇంకో ఇరవై నెలలు యుద్ధం సాగింది. ఆ ఇరవై నెలలూ ఒక కొండ కోసం, దాని పక్క కొండ కోసం మనుషులు చచ్చిపోయారు. తేలనిది భూమి గొడవ కాదు, ఖైదీల గొడవ. దాని గురించి ముందే చెప్పేస్తే మిగతా నాటకం వెలవెలబోతుందని చివరికి దాచాను.

చర్చల రంగాలు పిల్లలకు బాగా పట్టుబడ్డాయి. 1951 జూలై 10న కెసాంగ్‌లో మొదలై, అక్టోబరులో పాన్‌మున్‌జోమ్‌కు మారిన చర్చలవి. అటు ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్, ఇటు మొదట అమెరికా నౌకాదళాధికారి టర్నర్ జాయ్, 1952 మే నుంచి జనరల్ విలియం హారిసన్. కెసాంగ్‌లో జాయ్‌కి పొట్టి కుర్చీ వేసి నామ్ ఇల్ ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. బల్ల మీద ఇటువైపు వాళ్ళు చిన్న జెండా పెడితే, తర్వాతి సమావేశానికి అటువైపు వాళ్ళు ఇంకాస్త ఎత్తు జెండా తెచ్చారు. పిల్లలు అగరుబత్తి పుల్లలకు రంగు కాగితాలు అంటించి జెండాలు చేశారు. పుల్ల మీద పుల్ల కట్టుకుంటూ పోయారు.

1951 ఆగస్టు 10న ఇరుపక్షాలూ రెండు గంటలకు పైగా ఒక్క మాట మాట్లాడకుండా ఒకరినొకరు చూస్తూ కూర్చున్నారు. ఆ రంగాన్ని సాధన చేయించడం నాకు చాలా ఇష్టమైంది. నాటకంలో ఒక నిమిషమే అయినా, సాధనలో పావుగంట కూర్చోబెట్టాను. మొదట నవ్వులు. తర్వాత ఒకడికి దగ్గు. తర్వాత నిజంగా నిశ్శబ్దం. కొంతసేపటికి వాళ్ళ మొహాలు మారడం చూశాను. ఎదుటివాడి మీద ఏ కోపమూ లేని పిల్లలు, కళ్ళలోకి చూస్తూ కూర్చున్న కొద్దీ బిగుసుకుపోయారు. అయ్యాక నామ్ ఇల్ వేసిన అమ్మాయి, "మాట్లాడేస్తే బాగుణ్ణనిపించింది టీచర్, కానీ నేనే ముందు మాట్లాడితే ఓడిపోయినట్టుంటుంది" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

నామ్ ఇల్ పాత్ర అమ్మాయికి ఎందుకిచ్చారని కొందరు తల్లిదండ్రులు అడిగారు. తరగతి మొత్తంలో చివరిదాకా కదలకుండా కూర్చోగలిగింది ఆ పిల్లే.

ఇక పావురం. వెనక కట్టే తెర మీద మా డ్రాయింగ్ మాస్టారు చక్కటి తెల్ల పావురం గీశారు, రెక్కలు విప్పి, ముక్కున ఆకుతో. ఎంతో శ్రమపడ్డారు. నేను ఆయనకు జరిగినది చెప్పాల్సి వచ్చింది. సంతకాల కోసం ఉత్తర కొరియా వాళ్ళు పాన్‌మున్‌జోమ్‌లో ఒక కొత్త భవనం కట్టారు. దాని మీద పికాసో గీసిన శాంతి పావురం తీరులో పావురాలు వేశారు. 1949లో పారిస్ శాంతి మహాసభ పోస్టరు మీద కనిపించినప్పటి నుంచి ఆ పావురం కమ్యూనిస్టుల ప్రచార చిహ్నమైపోయిందని అమెరికన్లకు మంట. అవి తీసేస్తే తప్ప సంతకానికి రామని క్లార్క్ పట్టుబట్టాడు. రంగు పూసి కప్పేశారు. మాస్టారు విని కాస్త చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు ఆయనే వచ్చి, "పావురాన్ని ఉంచుదాం. జనం ముందే కాగితాలు తెచ్చి మూసేయమందాం" అన్నారు. నాటకం మొత్తంలో జనం నోరెళ్ళబెట్టింది అక్కడే. అందరూ ఇష్టపడే బొమ్మను ఇద్దరు సిపాయిలు వచ్చి తెల్ల కాగితాలతో మూసేస్తుంటే ఒక పెద్దాయన లేచి "అదేటి!" అన్నారు.

సంతకాల రంగం గురించే ఎక్కువ వాదన జరిగింది. ఆ రోజు హారిసన్, నామ్ ఇల్ చెరో వైపు నుంచి లోపలికి వచ్చారు. కూర్చున్నారు. ఇంగ్లీషు, కొరియన్, చైనీస్ భాషల్లో ఉన్న ఒప్పందం అధికారిక ప్రతులు 18. ఒక్కొక్కదాని మీదా ఇద్దరూ సంతకాలు పెట్టారు. పది పన్నెండు నిమిషాలు. ఒక్క మాట లేదు. చెయ్యి కలపలేదు. లేచి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. రెండేళ్ళు, 158 సమావేశాలు, లక్షల ప్రాణాలు, ముగింపు ఇలా.

దీన్ని ఇలాగే వేస్తే జనం లేచిపోతారని మా స్టాఫులో కొందరన్నారు. చేతులు కలిపించండి, దండలు వేయించండి, పాట పెట్టండి అన్నారు. పిల్లలకూ అదే ఇష్టం. సాధనలో ఒకరోజు హారిసన్ కుర్రాడు సంతకాలయ్యాక తన అంతట తానే లేచి చెయ్యి చాచాడు, ఆ అమ్మాయి పట్టుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ళ మనసు ఎంత మంచిదో నాకు తెలియనిది కాదు. కానీ ఆ ఒక్క చోట నేను మెత్తబడలేదు. ఆ చేతులు కలవలేదు, అయినా రాత్రి పదింటికి తుపాకులు ఆగాయి. నేను పిల్లలకు చెప్పదలచుకున్నదల్లా ఇదే. స్నేహం కుదిరేదాకా యుద్ధం ఆపకూడదంటే ఏ యుద్ధమూ ఆగదు. ద్వేషం ఉండగానే, అపనమ్మకం ఉండగానే, ఎంత దూరం జరగాలి, ఎన్ని గంటల్లో జరగాలి, ఎవరు లెక్క చూడాలి అని రాసుకుని ఆపవచ్చు. ఆపారు. అది చేతులు కలపడం కంటే తక్కువది కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ప్రతులు మేమూ 18 చేశాం. మా మూడు భాషలు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. ఒడియా పాఠం ఒడియా పండితుల సాయంతో పిల్లలే రాశారు. పద్దెనిమిది ఫైళ్ళ మీద ఇద్దరూ ఫైలుకు ఒక్కో సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుందో చూస్తే నిజంగానే దాదాపు అంతే పట్టింది. తగ్గించకుండా మొత్తం పెట్టించాం.

దక్షిణ కొరియా పాత్ర వేసిన పిల్లవాణ్ణి తలుపు బయట నిలబెట్టాం. ఎవరి దేశం గురించి ఒప్పందమో ఆ దేశం సంతకం పెట్టలేదా అని పిల్లలకు ఆశ్చర్యం. అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి దేశం రెండుగా మిగలడం ఇష్టం లేదు. ఒప్పందం అయిపోతోందనగా 1953 జూన్ 18న తన కాపలాలో ఉన్న ఖైదీలను, సుమారు 27 వేల మందిని, శిబిరాల తలుపులు తీసి వదిలేశాడు. ఒప్పందం ఆ దెబ్బకు దాదాపు చితికిపోయింది. అతని బాధ తప్పని నేననను, నాటకంలో కూడా అతన్ని దుర్మార్గుడిగా చూపించలేదు. చేసిన పని మాత్రం ఇంకొన్ని వారాల చావులు తెచ్చింది.

ఇప్పుడు ఖైదీల సంగతి. యుద్ధ ఖైదీలను యుద్ధం అయ్యాక వాళ్ళ దేశానికి పంపేయాలన్నది అందరికీ తెలిసిన నియమం. ఇక్కడ మాత్రం ఐక్యరాజ్యసమితి పక్షం చేతిలో ఉన్న ఉత్తర కొరియన్లు, చైనా వాళ్ళు వేలమంది మేం వెనక్కి పోమన్నారు. పోవాల్సిందేనని అటువాళ్ళు, ఇష్టం లేనివాణ్ణి బలవంతంగా పంపేది లేదని ఇటువాళ్ళు. ఆ ఇరవై నెలల యుద్ధం దీని కోసమే. ముడి విప్పే దారి 1952 చివర్లో ఐక్యరాజ్యసమితిలో ఇండియా తెచ్చిన తీర్మానంలో ఉంది. అక్కడ మన ప్రతినిధి కృష్ణ మీనన్ దాని కోసం ఎంతో తిరిగారు. డిసెంబరు 3న సాధారణ సభ ఆమోదించింది. అప్పుడు చైనా, సోవియట్ యూనియన్ కాదన్నాయి. 1953 మార్చిలో స్టాలిన్ పోయాక గాలి మారింది. చివరికి ఒప్పందంలో చేరిన ఏర్పాటుకు ఎముకలు ఆ తీర్మానానివే: వెళ్ళనన్నవాళ్ళను తటస్థ దేశాల సంఘానికి అప్పగించాలి. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లవేకియా, ఇండియా. అధ్యక్షత ఇండియాది, జనరల్ తిమ్మయ్య. ఖైదీలకు కాపలా కాయడానికి మాత్రం ఇండియా సైన్యం ఒక్కటే ఉండాలి. మేజర్ జనరల్ థొరాట్ వెంట సుమారు ఆరు వేల మంది వెళ్ళారు. మనవాళ్ళు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదని రీ అనడంతో, ఓడ దిగినవాళ్ళను హెలికాప్టర్లలో ఎత్తి ఆ 4 కిలోమీటర్ల పట్టీలో దించారు. అక్కడ మనవాళ్ళు వేసుకున్న శిబిరం పేరు హింద్ నగర్.

పిల్లలు ఈ భాగం సాధన చేస్తుండగా మా వీధి చివర అప్పడాలు చేసి అమ్మే మామ్మ బడికి వచ్చింది. మనవరాలు చెప్పిందట. కొంగులో ఒక ఫొటో. గుడారాలు, మంచు, నలుగురు సిపాయిలు, ఒకరు వాళ్ళ నాన్న. సైన్యం వైద్య దళంలో పనిచేసేవారు. "మా అయ్య అక్కడ ఒక్క తూటా పేల్సలేదమ్మా. కైదీలకి కట్లు కట్టీవోరు. సలికి చెవులు పగిలిపోయీవట. ఆల్లు మనోల్ల మీదే రాళ్ళు రువ్వీవోరట, మళ్ళీ మర్నాడు కట్టు కట్టించుకోడానికి మనోల్ల దగ్గిరికే వొచ్చీవోరట" అంది. పిల్లలు ఆవిడ చుట్టూ చేరారు. నేను చెప్పినంతసేపూ దూరదేశం కథగా ఉన్నది ఆ ఫొటోతో మా వీధిలోకి వచ్చేసింది. ఆవిడ అన్నది అతిశయోక్తి కాదు. ఒక దశలో ఖైదీలు మన మేజరు ఒకరిని పట్టి ఉంచేశారు. థొరాట్ స్వయంగా కంచె లోపలికి వెళ్ళి మాట్లాడి విడిపించుకొచ్చారు.

మనవాళ్ళ చేతికి వచ్చినవాళ్ళు ఐక్యరాజ్యసమితి పక్షం నుంచి సుమారు 22,600 మంది, ఉత్తర కొరియా, చైనా పక్షం నుంచి 359 మంది. ఆ 359 మందిలో 23 మంది అమెరికన్లు కూడా ఉన్నారు. అమెరికా వాడు చైనాలో ఉంటానన్నాడా అని పిల్లలు రెండుసార్లు అడిగారు. ఇద్దరు మనసు మార్చుకున్నారు, 21 మంది ఉండిపోయారు. ఒక్కో ఖైదీని డేరాలోకి తెచ్చి, స్వదేశం ప్రతినిధులు ఇంటికి రమ్మని నచ్చజెప్పాలి, తటస్థ దేశాల వాళ్ళు వినాలి. డేరాకు రెండు దారులు. ఒకటి ఇంటికి, ఒకటి వెనక్కి శిబిరానికి. కేకలు, తిట్లు, ఏడుపులు. చాలామందికి ఆ వంతు కూడా రాకుండానే డిసెంబరు 23న గడువు అయిపోయింది.

మేం హాలు మధ్యలో రెండు దుప్పట్లు కట్టి డేరా చేశాం. ఖైదీలుగా ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు. ఒక్కొక్కరు వచ్చి ఏదో ఒక వైపు వెళ్ళాలి, ఎటు వెళ్ళాలో వాళ్ళ ఇష్టం, సాధనకూ సాధనకూ మార్చుకోవచ్చు అని చెప్పాను. ఒక ఏడో తరగతి కుర్రాడికి మాత్రం ఎటూ వెళ్ళని పాత్ర ఇచ్చాను. ఎందుకంటే అలాంటివాళ్ళు 88 మంది ఉన్నారు. పుట్టిన ఊరికీ వద్దు, ఎదుటి పక్షానికీ వద్దు, ఏదైనా తటస్థ దేశానికి పంపండి అన్నారు. 76 మంది కొరియన్లు, 12 మంది చైనావాళ్ళు. ఆ కుర్రాడు, "నాకు డైలాగు లేదా గురుమా? వాళ్ళమ్మ గురించి ఏదన్నా అంటాను" అన్నాడు. వాళ్ళు ఏమన్నారో మనకు దొరకనప్పుడు మనం కల్పించి వాళ్ళ నోట్లో పెట్టకూడదు, రెండు దారుల మధ్య నిలబడు చాలు అన్నాను. నిలబడ్డాడు. ఏ సాధనలోనూ ఒక్కసారి కూడా తల దించలేదు.

1954 ఫిబ్రవరిలో మన సైన్యం తిరిగి వస్తూ ఆ 88 మందినీ తన వెంటే తీసుకొచ్చింది. అస్తూరియాస్ అనే ఓడలో మద్రాసు రేవుకు. తర్వాత ఢిల్లీలో ఉంచారు. 1956 మొదలుకొని చాలామంది బ్రెజిల్‌కు, అర్జెంటీనాకు వెళ్ళిపోయారు. కొద్దిమంది ఇక్కడే ఉండిపోయి ఇక్కడి మనుషులయ్యారు. ఎవరికీ అక్కర్లేని మనుషులను మనం తెచ్చుకున్నామన్నది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. ఆ రోజు హాల్లో ఈ మాట చెబుతున్నప్పుడు నా గొంతు వణికింది.

ప్రదర్శన రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వాన, కరెంటు లేదు, మైకు లేదు, పిల్లలు గొంతు పెంచి చెప్పారు. సంతకాల పది నిమిషాలూ ఎవరూ లేవలేదు. ఫైలు తర్వాత ఫైలు తిరుగుతున్న చప్పుడు వెనక వరుస దాకా వినిపించింది. హెడ్మాస్టరు గారి శాంతి గీతాన్ని నాటకానికి ముందు పాడించాం, అయ్యాక కాదు. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. మామ్మ ముందు వరుసలో కూర్చుంది.

అయ్యాక ఒక తండ్రి వచ్చి, "ఆఖర్న చేతులు కలిపించుంటే బాగుండునండీ, పిల్లలు కదా" అన్నారు. ఇంకొకరు, "అయితే ఏటండీ, ఆ యుద్ధం ఇప్పటికీ అయిపోనట్టేనా?" అని అడిగారు. అయిపోనట్టే. మూడు నెలల్లో పెద్ద సమావేశం జరిపి రాజకీయంగా తేల్చుకోమని 60వ పేరాలో సిఫార్సు ఉంది. 1954 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జెనీవాలో కూర్చున్నారు, ఏమీ తేలలేదు. శాంతి ఒప్పందం ఈనాటికీ లేదు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆ రెండు దేశాల మధ్య నిలబడి ఉన్నది ఆ 63 పేరాల కాగితమే. మధ్యలో కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు, కానీ 1950 జూన్‌లో మొదలైనదాని లాంటి యుద్ధం మళ్ళీ రాలేదు. రెండో ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ కాగితం బాగానే రాసినట్టే" అన్నారు.

మీ బడిలో వేయాలనుకుంటే ముప్పై మంది పిల్లలు చాలు. ఖర్చు ఫైళ్ళకు, తాడుకు, రంగు కాగితాలకు. ఒప్పందం మొత్తం చదవడానికి ఓపిక లేకపోతే మొదటి అధికరణం, ఖైదీల గురించిన మూడోది, తటస్థ దేశాల సంఘం అనుబంధం చదవండి. సంతకాలు తగ్గించకండి, పద్దెనిమిదీ పెట్టించండి. మైదానంలో గీత తప్పకుండా గీయండి, హాల్లో చెప్పే మాట కంటే అది పిల్లలకు ఎక్కువ తెలుస్తుంది. సమయం చాలకపోతే జెండాల రంగం తీసేయండి, పొట్టి కుర్చీ తీసేయండి, పావురాన్నీ తీసేయండి. ఆ 88 మందిని మాత్రం తీసేయకండి.